మా తాతది ముల్లు కాదు

నిన్న పొద్దున ఆరింటికి ఫోన్. పెద్దబాపు పోయాడట.

నమ్మలేదు. మా నాన్నకి అన్న, పద్దెనిమిదేళ్లు ఫౌజులో చేసిన హవల్దార్. లీవ్ శాంక్షన్ కాకుండా గేటు దాటే మనిషి కాదు.

సోమవారం డయాలసిస్‌కి నేనే తీసుకెళ్లాలి. బండిలో పెట్రోల్ కూడా కొట్టించి పెట్టాను.

ఇక గంభీరంగా రాస్తాను.

పెద్దబాపు తన షుగర్‌ని ఎప్పుడూ ఫౌజు మీదికే తోసేవాడు. మెస్ తిండి, మంచు, టెన్షన్. కిడ్నీలు దెబ్బతిన్నాక డాక్టర్ అడిగాడు, మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని.

"లేదు సార్. మాది గట్టి ఖాందాన్."

కానీ ఆయనతో పాటు అదే యూనిట్‌లో చేసిన దోస్త్ ఒకాయన ఉన్నాడు. అదే మెస్, అదే మంచు, అన్నేళ్ల షుగరే. ఆయన కిడ్నీలు మాత్రం భేషుగ్గా ఉన్నాయి.

డాక్టర్ చెప్పిందేమిటంటే, షుగర్ ఇద్దరికీ వచ్చినా ఎవరి కిడ్నీని, ఎవరి కాలిని ముందు పట్టుకుంటుందనేది కొంత వంశాన్ని బట్టి కూడా ఉంటుందట. కొంతే. మిగతాది మన చేతిలో.

ఆ "కొంత" కోసం పెద్దబాపు ఎంక్వైరీ మొదలుపెట్టాడు. యాచారంలో ఒక పెళ్లిలో, భోజనాల బంతిలో.

మా వాళ్లు మామూలోళ్లు కాదు. ఔటర్ రింగ్ రోడ్ వచ్చినప్పటి నుంచి ఏ సర్వే నంబర్ ఏ తాతదో నిద్రలో లేపినా చెప్తారు. ఆ తాత దేంతో పోయాడని అడిగితే మాత్రం ఇంకొంచెం పప్పు వెయ్యమంటారు.

పెద్దబాపు తన చెల్లెల్ని, అంటే మా అత్తని పట్టుకున్నాడు.

"మన బాపు ఎట్ల పోయిండే? నేనప్పుడు డ్యూటీల ఉంటి."

"కాలుకు ముల్లిరిగిందన్నా."

"ముల్లిరిగితె మోకాలు దాంక తీసేస్తరా? అది ముల్లా, తల్వారా?"

బంతి మొత్తం నవ్వింది. అత్త నవ్వలేదు.

"జర మెల్లగ మాట్లాడన్నా. షుగరని తెలిస్తె పోరగాళ్లకు సంబంధాలు రావు."

"సంబంధం పోతె ఇంకోటొస్తది. కిడ్నీ పోతె యాడికెల్లి తెస్తవ్?"

తర్వాతి సోమవారం నన్నూ, ముగ్గురు తమ్ముళ్లనూ పరగడుపున ల్యాబ్ ముందు ఎత్తు ప్రకారం నిలబెట్టాడు.

వాళ్లకేమీ లేదు.

నాకుంది. ఇరవై ఆరేళ్లకి.

రిపోర్ట్ మీద పేరు నాదేనా అని రెండుసార్లు చూశాను.

పెద్దబాపు రిపోర్ట్ మడిచి నా జేబులో పెట్టాడు. "నీ వయసుల నాకు ఎవ్వరు చెప్పలేదురా. నీకు నేను చెప్పిన. ఇగ నువ్వు దాచకు."

రెండేళ్లయింది. మందులు, నడక, టెస్టులు. నా కిడ్నీలు బాగున్నాయి. ఆయనవి నిలబడలేదు.

నిన్న అంత్యక్రియలయ్యాక అత్త నన్ను పక్కకి పిలిచింది. "ఫేస్‌బుక్‌ల హార్ట్ ఎటాక్ అని పెట్టురా. నీకు పిల్లను చూస్తున్నం."

అత్తా, సారీ.

మా పెద్దబాపు షుగర్ వల్ల కిడ్నీలు పాడై చనిపోయాడు. మా తాతది ముల్లు కాదు. నాకూ షుగర్ ఉంది. ఈ పోస్ట్ చదివాక కూడా వచ్చే సంబంధమైతే రమ్మనండి. చాయ్ ఇస్తాం. చక్కెర ఉండదు.

తమ్ముళ్లూ, ఏడాదికోసారి ల్యాబ్ ముందు లైన్. ఇక పిలిచేది నేను.

పెద్దబాపూ, సెల్యూట్. సోమవారం డ్యూటీ రద్దు. సూదుల్లేని చోట హాయిగా నిద్రపో.