పాట జోరందుకున్నాక

నిలిచి ఉన్నదాన్ని కదిలించేవాడు, పరుగెత్తేదాన్ని నిలపగలవాడు అయిన దేవునికి స్తోత్రం. నా గొంతు బొంగురుదైనా ఇన్నేళ్లుగా తన మందిరంలో పాడనిచ్చాడు. అందుకూ స్తోత్రం.

మా తమ్ముడి కూతురు ఈ వేసవిలో ఇంటర్ ఫిజిక్స్ తప్పింది. సోమవారం సప్లిమెంటరీ. ఇదీ పోతే చదువు మాన్పించి గరివిడిలో కుట్టుమిషను నేర్చుకోడానికి పంపుతానని తమ్ముడు ఖాయంగా చెప్పేశాడు. పిల్లకేమో ఎచ్చెర్ల యూనివర్సిటీ దాకా వెళ్లి పెద్ద చదువు చదవాలని ఆశ. నేను హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని కాబట్టి శనివారం పుస్తకం పట్టుకుని నా దగ్గరకొచ్చింది.

ఒక్కచోటే చిక్కుపడుతోంది. తిన్నటి రోడ్డు మీద బస్సు ఒకే వేగంతో నిలకడగా పోతుంటే త్వరణం ఎంత అని అడిగితే, "సానా ఉంటాది కదత్తా, అంత జోరుగా పోతంటేను" అంటుంది. వేగం వేరు, వేగంలో వచ్చే మార్పు వేరు అని రకరకాలుగా చెప్పాను. తల ఊపింది, మళ్లీ అదే రాసింది. చివరికి పుస్తకం మూసేసి, "నాకు మిషనే రాసిపెట్టుందేమో" అంది.

మర్నాడు ఆదివారం ఆరాధనలో డోలక్ వాయించేది ఈ పిల్లే. మా సంఘంలో పాట నెమ్మదిగా మొదలవుతుంది. ఆఖరి చరణం అయ్యాక పల్లవిని తిప్పి తిప్పి పాడుతూ జోరు పెంచుతాం. ఇక చప్పట్లు అంతకంటే వేగంగా పడవు అన్నచోట కాసేపు నిలకడగా సాగి, మెల్లగా దించుతాం. ఆ రోజు ఆరాధన ముగిశాక సంఘపెద్ద ఒకాయన ఆయాసపడుతూ పిల్ల దగ్గరకొచ్చాడు.

"ఒలమ్మా, నీ డోలక్కి బ్రేకుల్లేవేటి? ముసలోళ్లం సచ్చిపోతాం."

"బ్రేకేసినాను తాతా. మీరే ఆగలేదు."

ఆ బ్రేకు మాట నన్ను పట్టుకుంది. డోలక్ ఇంకా పిల్ల ఒళ్లోనే ఉంది. మళ్లీ వాయించమన్నాను. నెమ్మదిగా మొదలుపెట్టి జోరు పెంచింది.

"ఇప్పుడేటి సేస్తన్నావు?"

"పెంచుతన్నాను. త్వరణం ఉన్నాది."

చేతులు పై జోరుకు చేరాయి.

"ఇప్పుడు? ఇంకా పెంచుతన్నావా?"

"లేదత్తా, అలాగే ఉంచుతన్నాను."

"మరి త్వరణం?"

చేతులు ఆగలేదు. కళ్లు మాత్రం నా మీద నిలబడిపోయాయి. "సున్నా" అంది మెల్లగా. "ఇంత జోరులోనా అత్తా?"

"ఇంత జోరులోనే."

"అయితే దించేటప్పుడు మైనస్సు" అని తనే అంటూ దించింది. సంఘపెద్ద, "ఇదిగో, ఇప్పుడు పడ్డాది బ్రేకు" అన్నాడు.

సోమవారం చీపురుపల్లిలో పరీక్ష అయ్యేదాకా గేటు దగ్గరే ఉన్నాను. నవ్వుతూ బయటికొచ్చింది. "బల్ల మీద ఏళ్లతో తాళమేస్తంటే సారు కసిరీసినాడత్తా" అంది. ఆ ప్రశ్న వచ్చిందట, రాసిందట. మిగతావి ఎలా రాశావని అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఫలితాలు ఇంకా రాలేదు. తమ్ముడు మాట మార్చుకోలేదు. ప్రియులారా, మీ ఇంట మోకరించినప్పుడు ఈ పిల్లనూ తలచుకోండి. నాతో కలిసి అడగండి: ప్రభువా, ఇప్పుడిప్పుడే జోరందుకున్న ఈ బిడ్డను మధ్యలో ఆగిపోనివ్వకు. ఆమెన్.