ఊరు మార్చిన అడ్రసు

మా సీమలో కొత్త మనిషి కనబడితే పేరు తర్వాత అడుగుతారు, ముందు ఊరు అడుగుతారు. ఊరు తెలిస్తే పార్టీ తెలిసినట్టే. పక్కన కూర్చోవాలా, లేచిపోవాలా అన్నది అక్కడే తేలిపోతుంది. ప్రొద్దుటూరులో నేను పనిచేసిన కాలేజీలో మెయిల్ అడ్రసులూ అట్లాగే పెట్టారు. ఒకే పేరు నలుగురికి ఉంటుంది కాబట్టి ముందు ఊరు, తర్వాత పేరు. అదెంత తెలివితక్కువ పనో ఎన్నికలు వచ్చేదాకా ఎవరికీ తట్టలేదు.

ఆ సర్వర్ చూసుకునేది నేనే. వచ్చిన ప్రతి అడ్రసునూ అది నేను రాసిపెట్టిన రూళ్లతో పైనుంచి కిందికి పోల్చి చూస్తుంది. మొదట ఏ రూలు సరిపోతే దాని ప్రకారం అడ్రసు మార్చి పంపేస్తుంది. కింద ఇంకెన్ని రూళ్లున్నా పట్టించుకోదు.

ఎన్నికల ముందు కరస్పాండెంటు, అంటే మా కాలేజీ యజమాని, నన్ను పిలిపించాడు. జమ్మలమడుగు వైపు ఒక ఊరి పేరు చెప్పి, "ఆ ఊరోళ్లకు ఏమొచ్చినా, వాళ్లు యాడికి పంపినా నాకొక కాపీ రావల్ల" అన్నాడు. అది అవతలి పార్టీ ఊరు. ఊరి పేరు, దాని వెనక ఏదున్నా సరే అని ఒక్క రూలు రాస్తే ఊరంతా వలలో పడుతుంది. నాకు ఒళ్లు మండిపోయింది, అయినా ఆ రూలు రాసిపెట్టాను.

మా లెక్కల లెక్చరర్‌ది ఆ ఊరే. నాకు ప్రాణస్నేహితుడు. అతని తమ్ముడు కరస్పాండెంటు మనుషుల మీదున్న ఒక హత్య కేసులో సాక్షి. చంపుతారని దూరాన ఎక్కడో తలదాచుకుంటూ, మకాం మారినప్పుడల్లా అన్నకు మెయిల్ రాసేవాడు. అది కరస్పాండెంటు కంట పడితే ఆ పిల్లవాడు దక్కడు.

సంగతి చెప్పగానే స్నేహితుడు నా చెయ్యి పట్టుకున్నాడు. "నా అడ్రసులో ఊరు తీసేయప్పా. గొడవల్లేని ఊరేదన్నా పెట్టు."

ఖాజీపేట పెట్టాను. అక్కడ మా ఇద్దరికీ ఎవరూ లేరు. కరస్పాండెంటు రూలుకు పైన మరో రూలు రాశాను. పాత అడ్రసుకు వచ్చేవి కొత్తదానికి మారి నేరుగా అతనికే చేరతాయి, అతను పంపేవి కొత్త అడ్రసుతోనే బయటికి పోతాయి. ముల్లును ముల్లుతోనే తీశామని ఇద్దరం నవ్వుకున్నాం.

"నేనేరా. ఊరు మార్చినాం, భయపడాకు" అని అతను తమ్ముడికి రాశాడు.

మరునాడు జవాబు వచ్చింది. "ఎవుర్రా నువ్వు? మా యన్నను ఏం జేసినారు?"

స్నేహితుడు పరుగున వచ్చి అది నాకు చూపించాడు. నేనేరా అని ఎవరైనా రాయగలరు. తన అన్న వేరే ఊరివాడినని చెప్పుకుంటాడని మాత్రం ఆ పిల్లవాడు కలలో కూడా అనుకోడు. కరస్పాండెంటు చూస్తే చూడనీ అని నా రూలు పీకేసి, పాత అడ్రసుతోనే మళ్లీ రాయించాను. అది తమ్ముడు చూడలేదు. అప్పటికే అన్నను వెతుక్కుంటూ బస్సెక్కేశాడు.

పులివెందులలో దిగి టీ తాగుతుంటే పక్కన నిలబడ్డవాడు "యా ఊరప్పా మీది?" అని అడిగాడట. పిల్లవాడు దాచకుండా తన సొంత ఊరి పేరే చెప్పాడని టీ అంగడాయన తర్వాత మాతో అన్నాడు.

శవం దగ్గర స్నేహితుడు ఏడవలేదు. నన్ను చూసి ఒకే మాట అన్నాడు.

"ఊరు ఉండనిచ్చింటే, నేనే అని నమ్మిండేటోడప్పా."