వడియాల ఎండకు వేపచెట్టు అడ్డం

నా పరువు ఒకే రోజులో, పట్టపగలు, రాయచూరు శివార్లలోని మా కాలనీలో, మా సొంత పెరట్లోనే పోయింది. తీసినవాడు పగవాడైతే కాస్త ఓదార్పుగా ఉండేది. నేనే తీసుకున్నాను.

అప్పట్లో నాకు పెళ్లి కొత్త, కరెంటు ప్లాంటులో ఉద్యోగమూ కొత్తే. సొంత పెరట్లోని చెట్టయినా సరే, అనుమతి లేకుండా నరికితే చట్టం ఊరుకోదని పేపర్లో చదివాను. అంతే, ఎవరూ అడక్కుండానే కాలనీ చెట్లన్నిటికీ కాపలాదారునైపోయాను. పక్కింటి శరణప్ప పళ్లు తోముకోవడానికి వేపపుల్ల విరిచినా గోడ మీంచి తల పెట్టేవాణ్ని.

"పర్మిషన్ ఉన్నదా అన్నా?"

"పండ్లు తోముకునేటందుకు గూడ పర్మిషనా సార్?" అంటూ ఆయన పుల్ల నములుకుంటూ లోపలికి పోయేవాడు.

ఒకరోజు పొద్దున పెరటివైపు గొడ్డలి చప్పుడు. ఠక్, ఠక్. లేచి చూడొచ్చు కదా అంటారు మీరు. చూసే బుద్ధే ఉంటే ఈ కథ ఎక్కడిది? శరణప్పే, ఇంకెవరు! దొంగ జారుకోకముందే పట్టుకోవాలని స్కూటరెక్కి అటవీశాఖ ఆఫీసుకు పరుగెత్తి, చెట్ల ఆఫీసరును వెనక కూర్చోబెట్టుకొచ్చాను. దారంతా చట్టం ఆయనకే పాఠం చెప్పాను.

"కేసు గట్టిగ వెట్టుండ్రి సార్. నాకు పక్కింటాయన అని జూడొద్దు."

"ఎవర్నీ జూడం లే," అన్నాడాయన. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

గేటు తోసుకుని వెళ్తే శరణప్ప తన వేపచెట్టు కింద మంచం మీద కూర్చుని చాయ్ తాగుతున్నాడు. చెట్టుకు గీత కూడా పడలేదు.

"బర్రి సార్, బర్రి!" అని కన్నడలో లోపలికి రమ్మన్నాడు. "చాయ్ తాగుతరా?"

"గొడ్డలేది?" అన్నాను కళ్లెర్రజేసి.

ఠక్, ఠక్ అని జవాబు గోడ అవతలి నుంచి వచ్చింది.

తొంగి చూస్తే మా వేపచెట్టు సగం బోడిగుండు! పైన కూలీ. కింద కొంగు నడుముకు చుట్టుకుని మా అత్తమ్మ.

"అత్తమ్మా, ఏందిది?"

"నీడవడి వడియాలు ఎండుతలేవు అల్లుడా. కొమ్మలు కొట్టిస్త అంటే నువ్వే గద ఊ అన్నవ్!"

"నేనెప్పుడన్న?"

"నిన్న, పేపరు సదువుకుంట."

రాయచూరులో ఎండ చాలడం లేదన్న మనిషి ఈ భూమ్మీద ఆమె ఒక్కతే. ఆమెకు అల్లుణ్ని నేనొక్కణ్నే. ముందురోజు నేను అంత దీక్షగా మళ్లీ చదివింది ఆ చెట్ల చట్టం గురించే.

శరణప్ప మెల్లగా వచ్చి గోడ మీంచి తల పెట్టాడు. "పర్మిషన్ ఉన్నదా సార్?"

ఎవరు తీసిన గోతిలో వారే పడతారంటారు. నేను గొయ్యి చూపించడానికి ఆఫీసరును కూడా స్కూటరు మీద తెచ్చుకున్నాను. ఆయన జరిమానా వేసి, మొక్కలు నాటి పెంచమన్నాడు.

"పెంచుతున్నడా లేదా అని ఎవరన్న జూడాలె."

"నేను జూస్త సార్!" అన్నాడు శరణప్ప, చాయ్ గ్లాసు ఎత్తిపట్టి.

నిజం చెప్పొద్దూ, ఆ బోడి చెట్టును చూస్తే ఏడుపొచ్చింది. ఆ వేసవంతా సిగ్గు విడిచి శరణప్ప చెట్టు కిందే కూర్చున్నాం. వడియాలు మాత్రం బ్రహ్మాండంగా ఎండాయి.

ఇప్పుడా వేప మళ్లీ గుబురుగా పెరిగింది. దాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: పేపరు మడిచి పక్కన పెట్టకుండా ఈ జన్మలో అత్తమ్మకు ఊ కొట్టను. ఇది రాస్తుండగానే ఆమె వచ్చి ఏదో అడిగి వెళ్లింది. ఏమడిగిందో గుర్తులేదు గానీ, పెరట్లో గడ్డపార చప్పుడు వినిపిస్తోంది.