ఆవిరి పట్టిన సీసా

వీధిలో అందరూ ఆమెను పూల పెద్దమ్మ అంటారు. కోపం ముక్కు మీదే ఉంటుంది, మాట సూటిగా గుచ్చుకుంటుంది. చేయి మాత్రం ఎంత మెత్తనిదంటే, పువ్వు తుంచిన సంగతి మొక్కకు కూడా తెలియదు.

పూల కాలంలో ఆమెను పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. పూల మీది తడి ఆరాక, ఎండ చురుక్కుమనకముందు, ఆ గంటలోనే కోత ముగించాలి. టీకి చామంతులు, ముఖానికి చల్లుకునే నీళ్ళకు గులాబీలు, చర్మానికి రాసుకునే నూనెకు బంతులు. నూనెలో నానబెట్టే బంతుల్ని వారం రోజులు నీడన పాత దుప్పటి మీద ఆరబెడుతుంది. రేకులు గలగలలాడినా నమ్మదు, తొడిమ దగ్గర తడి దాక్కుంటుందంటుంది. ఎండిన పూలను గాజు సీసాలో వేసి, మూత బిగించి, మర్నాడు పొద్దున చూస్తుంది. గాజు లోపల ఇసుమంత ఆవిరి కనిపించినా పూలు మళ్ళీ దుప్పటి మీదికే.

ఈ పనంతా చెల్లెలి కూతురికి ఆమే నేర్పింది. పెదనాన్న పోయాక పెద్దమ్మను చేరదీసింది కూడా ఆ పిల్లే. పెరట్లో గది ఇచ్చింది, తోట అప్పగించింది. ఆ మాట కాదనకూడదు. కానీ ఇంటి ముందు గదిలో నూనెలు, టీ పొట్లాలు అమ్మే దుకాణం తెరిచాక పిల్లకు తీరిక పోయింది, ఓపికా పోయింది. అన్నీ తనకే తెలుసన్న ధీమా మాత్రం దండిగా మిగిలింది.

"వారమెందుకు పెద్దమ్మా, మూడ్రోజులు చాలు. నీదంతా చాదస్తం. నూనె సంగతి ఇకనుంచి నేను చూసుకుంటాలే, నువ్వు పూలు కోసిపెట్టు" అంది ఒకరోజు. అన్నది కొత్తగా చేరిన పనమనిషి ముందు. పెద్దమ్మకు తల కొట్టేసినట్టయింది.

నాలుగో రోజు పొద్దున వంటింటి గట్టు మీద బంతుల సీసా కనిపించింది. మెడ దగ్గర తెల్లగా ఆవిరి పట్టి ఉంది. పిల్ల దాని వంక చూడకుండానే మూత తీసి నూనె పోసేస్తోంది. ఒక్క మాట అంటే సరిపోయేది. 'నన్నెవరడిగారు గనక' అనుకుని పెద్దమ్మ తన గదికి పోయింది. చామంతి టీ కాచుకుని తీరిగ్గా తాగింది. నూనె పాడవుతుందని ఆమెకు తెలుసు. పాడవ్వాలనే కోరుకుంది. దాన్ని ఎవరో ఒకరు ముఖానికి రాసుకుంటారన్న సంగతి దగ్గరికి మాత్రం మనసును పోనివ్వలేదు.

నెల తిరక్కముందే బడి పంతులమ్మ దుకాణానికి వచ్చింది. పెద్దమ్మ చేతి చామంతి టీ కోసం ఏళ్ళ తరబడి వస్తున్న మనిషి. రెండు చెంపలూ ఎర్రగా పొక్కిపోయి ఉన్నాయి. నూనె సీసా బల్ల మీద పెట్టింది. అడుగున నల్లగా బూజు పేరుకుని ఉంది.

"మా పెద్దమ్మకి చూపు మందగించిందండీ. పూలు సరిగ్గా ఆరాయో లేదో చూసుకోలేకపోయింది. పెద్దావిడ కదా, ఏమనగలం?" అంది పిల్ల, తడుముకోకుండా.

పెద్దమ్మ బుట్ట పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. ఒళ్ళు భగ్గుమంది. 'నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయే, సీసాకి ఆవిరి పట్టడం నేను చూశాను' అనబోయింది. మాట నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. చూశానంటే, చూసి ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. పిల్ల అడిగితే తను జవాబు చెప్పగలదు. పంతులమ్మ అడిగితే ఏం చెబుతుంది?

"అవునమ్మా, ఈమధ్య నాకు సరిగ్గా ఆనడం లేదు" అంది.

పిల్ల ఒక్క క్షణం తెల్లబోయింది. తర్వాత వచ్చి బుట్ట అందుకుంది. "అయితే ఇక తోటపని వద్దు పెద్దమ్మా. రేపట్నుంచి పనమ్మాయి కోస్తుంది" అంది. ఆ గొంతులో నిజంగానే జాలి ఉంది. తను ఆడిన అబద్ధాన్ని తనే నమ్మేసింది కాబోలు.

పంతులమ్మ దగ్గరికి వచ్చి చేయి పట్టుకుంది. "బాధపడకండి పెద్దమ్మా, తెలిసి చేశారా ఏంటి? రండి, మీ గదిదాకా దిగబెడతాను. ఇక్కడ మెట్టుంది, చూసుకోండి."

మెట్టు అంచున పోతున్న చీమల బారు కూడా పెద్దమ్మకు స్పష్టంగా కనిపిస్తోంది. ఆమె పాదంతో తడుముకుంటూ దిగింది.