విపంచి అని పలికిన ఉదయం

నా డిగ్రీ పట్టా మీది పేరు జూన్ పదిహేనున, ఉదయం తొమ్మిది గంటలకు పుట్టింది. పాడేరు హాస్టల్లో నన్ను చేర్చుకుంటూ టీచరుగారు సుక్రి అనే పేరు కొట్టేసి, విపంచి అని రాశారు. "అంటే వీణ. కావ్యాల్లో మాట," అన్నారు ప్రేమగా.

సుక్రి మా నాయనమ్మ పేరు. మా గూడెంలో పోయినవారి పేరు బిడ్డకు పెడితే వారే తిరిగివచ్చినట్లు. కొత్త పేరుకు పలికితే నాయనమ్మ మళ్ళీ చనిపోతుందని భయపడి, హాజరు పిలుస్తుంటే పెదవులు బిగించాను. గేటుకు తాళం వేసి ఉంది. పారిపోయే దారి లేదు.

"ఏటే గుంటా, బేగి పలకవేటి! నీవల్ల మాకూ టిఫిన్ లేటు," అని పక్కపిల్ల గిల్లింది.

"ఉన్నానండి," అన్నాను.

టీచరుగారు ఇచ్చింది కానుకేనని ఇప్పుడు తెలుసు. ఆదివారం నన్ను చూడవచ్చిన నాన్న ఆ పేరు నేర్చుకుని వెళ్ళాడు. అప్పటివరకు నన్ను "మాయమ్మ" అని పిలిచేవాడు. తరువాత ఎన్నడూ అలా పిలవలేదు.