భోషాణం మీద పియానో

మా చిన్నప్పుడు... రేపల్లెలో మా చర్చిలో ఒక పాత పియానో ఉండేది. మిషన్ దొరసానులు వెళ్ళిపోతూ వదిలేసింది. మరియమ్మ టీచర్‌గారు శనివారం శనివారం నాకూ, నా ఈడుదైన సుగుణకూ దాని మీద పాఠం చెప్పేవారు. మిగతా రోజులు దానికి తాళమే.

మరి సాధన ఎలా? మా నాయనమ్మ భోషాణం ఉంది కదా... దాని మూత మీద సుద్దముక్కతో పియానో మెట్లు గీసుకున్నాను. పీట వేసుకుని కూర్చుంటే ఆ పెట్టె నా గడ్డం దాకా వచ్చేది. చేతులు పైకెత్తి, మణికట్లు మడిచి వాయించేదాన్ని. చెక్క పలకదు కదా... పలకడం లేదని ఇంకా గట్టిగా కొట్టేదాన్ని. అంత తెలివి నాది.

"ఆ పెట్టె నీకేం పాపం చేసిందే?" అనేది నాయనమ్మ.

ఆ ఏడు క్రిస్మస్ ఆరాధనలో వాయించేది నేనేనని టీచర్‌గారు చెప్పేశారు. సుగుణ ముఖం మాడ్చుకుంది. నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఇక భోషాణానికి పొద్దునా సాయంత్రం దెబ్బలే.

పండగ రెండు వారాలుందనగా నా కుడి మణికట్టు పట్టేసింది. జడ వేసుకోవాలంటే ప్రాణం పోయేది. అయినా కిక్కురుమనలేదు. చెబితే నా చోటు సుగుణకు పోతుందని భయం.

ఆ శనివారం టీచర్‌గారు పాటల పుస్తకం ఇవ్వబోతే ఎడమ చెయ్యి చాపాను. పెద్దవాళ్ళ దగ్గర ఎడమచేత్తో అందుకునే పిల్లను కాదు నేను. ఆవిడకు అక్కడే తెలిసిపోయింది.

"ఏదమ్మా, కుడిచెయ్యి చూపించు. ఎన్నాళ్ళ నుంచి?"

"వారం నుంచండి..."

భోషాణం సంగతి కూడా చెప్పేశాను. ఆవిడ తిట్టలేదు. తన కుడిచేతి చిటికెనవేలు చూపించారు. అది వంగదు.

"నీ వయసులో నేనూ ఇలాగే దాచుకున్నానమ్మా. నొప్పెడితే ఆపెయ్యాలని నాకెవరూ చెప్పలేదు."

పండగ దాకా కుడిచేత్తో మెట్టు ముట్టుకోవద్దన్నారు. ఏడ్చేశాను.

"ఎడమచెయ్యి ఉందిగా," అన్నారావిడ.

ఇంట్లో నాయనమ్మ రోజూ ఉప్పు మూటతో కాపడం పెట్టింది. తడిగుడ్డతో భోషాణం మీద మెట్లన్నీ తుడిచేసింది.

క్రిస్మస్ రోజు ఒకే బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. ఎత్తు సరిపోవాలని టీచర్‌గారు గోనెసంచులు మడతపెట్టి మా కింద వేశారు. కుడిచేతి భాగం సుగుణది, ఎడమచేతిది నాది. రెండో చరణంలో నేను తడబడితే సుగుణ నా కోసం ఆగింది... మా పోటీ ఆ రోజుతో సరి.

ఇప్పుడు బాపట్లలో నేనూ పిల్లలకు కీబోర్డు నేర్పుతున్నాను. ఇంటింటికీ కీబోర్డే, తాళాల గొడవ లేదు. పాఠానికి ముందు ఒక్కొక్కరి కుర్చీ ఎత్తు చూస్తాను, భుజాలు వదులు చెయ్యమంటాను. మొన్న ఒక చిన్నపిల్ల తనంతట తనే చేతులు తీసేసి, "మణికట్టు లాగుతోందండి టీచర్, ఇవాళ్టికి చాలు" అంది.

ఎంత సంతోషమేసిందో... ఆ ఒక్క మాట అనడానికి ఆ రోజుల్లో నాకు ధైర్యం చాల్లేదు.

మీరూ చిన్నప్పుడు ఇలా ఏదైనా నొప్పి దాచుకున్నారా? ఎవరు కనిపెట్టారు?