ఉట్నూర్ తొవ్వల గాలి

పెండ్లయిన కొత్తల మాకు ఒక పాత బండి ఉండేది. పొద్దుగూకే యాళ్లకు దాని మీద గోదావరి బ్రిడ్జి దాకా పోయి వచ్చేటోళ్లం. అప్పుడు నా భార్య గోదావరిఖనిల ఒక ప్రైవేటు దవాఖానల నర్సు. ఎనుక కూసొని తొవ్వంతా ముచ్చట పెట్టేది. వార్డుల ముసలవ్వ ఏమన్నది, వాళ్లమ్మ ఫోన్ల ఏం చెప్పింది, అన్నీ.

తర్వాత ఆమెకు ఉట్నూర్ దిక్కు సర్కారు నౌకరి వచ్చింది. నాకేమో గోదావరిఖనిలనే బొగ్గు బాయిల డ్యూటీ. వారానికి ఒక్క సెలవు. ఆ ఒక్క రోజు కోసం దూరం పోయే పెద్ద బండి కొన్న.

బండి మంచిగనే ఉరికేది. కానీ శ్రీరాంపూర్ దాటి వేగం పెంచితే చాలు, గాలి నా హెల్మెట్‌ను పట్టుకొని ఊపేది. చెవుల్ల ఒకటే హోరు. ఆమె క్వార్టర్‌కు చేరేసరికి తలనొప్పితోటి కండ్లు తెరవబుద్ధి కాకపోయేది. ఆమె చాయ తెచ్చేలోపే నిద్రపోయేటోన్ని. లేచేసరికి మధ్యాహ్నం దాటేది. ఇంక వాపసు పోవాలెనన్న ఫికరు.

"నన్ను చూడనీకి వస్తున్నవా, పండనీకి వస్తున్నవా?" అన్నది ఒకనాడు. నవ్వుకుంటనే అన్నది గని నాకు మనసున పట్టింది.

గాలిని ఆపే ముందటి అద్దం పొట్టిగ ఉన్నదని పెద్దది బిగించిన. ఛాతికి గాలి తగ్గింది గని తలకు ఇంకింత ఎక్కువైంది. అద్దం అంచు దాటిన గాలి సుడి తిరిగి సక్కగ హెల్మెట్ మీదనే పడుతుంది. వంగితే నిమ్మళం, సీట్ల నిటారుగ కూసుంటే కొట్టుడు. దాన్ని పీకేసి, పాత అద్దం మీదనే క్లిప్పులతోటి పట్టే చిన్న ముక్క తెప్పించిన. రెండిటి నడుమ సందు ఇడిస్తే అండ్లకెల్లి పోయే గాలి ఆ సుడిని ఇరగ్గొడుతుందని మెకానిక్ అన్న చెప్పిండు. సగం తగ్గింది.

మిగిలిన సగం ఆమెనే కనిపెట్టింది. ఒక సెలవుకు ఇద్దరం జన్నారం దాకా పోతుంటే నా భుజం తట్టి బండి ఆపించింది.

"గాలి పైకెల్లి ఒక్కటే గాదు, కిందికెల్లి గూడ వస్తుంది. నా చున్ని ఎట్ల ఎగురుతుందో చూడలేదా?"

నిజమే. ముందు చక్రం పక్కలకెల్లి, ట్యాంకు కిందికెల్లి గాలి పైకి తన్నుతుంది. మళ్ల సెలవుకు, ముందు చక్రాన్ని పట్టే ఫోర్కులకు రెండు దిక్కుల ప్లాస్టిక్ రెక్కలు బిగించుకొని పోయిన.

ఆ రోజు ఇద్దరం మళ్ల జన్నారం పోయి టేకు చెట్ల నడుమ వాపసొస్తుంటే ఎనుకకెల్లి ఆమె మాట వినబడ్డది.

"వినబడుతుందా?"

"ఊఁ."

"ఊఁ గాదు. నేనేమన్ననో చెప్పు."

"పొద్దుగాల వంకాయ కూర మాడిందన్నవ్."

ఎంత నవ్విందో! గడ్డం నా భుజానికి ఆనిచ్చి, ఉట్నూర్ దాకా ఆపకుంట మాట్లాడింది.

ఆమెకు బదిలీ ఇంకా కాలేదు. ఉట్నూర్ కెల్లి వాపసు వచ్చేటప్పుడు ఒక్కన్నే వస్త. హోరు ఉన్నప్పుడు బండిని సంభాళించుకునుడే సరిపోయేది. ఇప్పుడు తొవ్వ పొడుగూతా ఆమెనే యాదికొస్తది. ఒక్కోసారి లక్షెట్టిపేట కాడ బండి పక్కకు ఆపి ఫోన్ చేస్త.

"అప్పుడే ఇంటికి చేరినవా?" అంటది.

"ఇంకా లేదు" అంట.

ఆమె వార్డు ముచ్చట ఎత్తుకుంటది, ఇక్కడ పొద్దు గూకుతుంటది. ఫోన్ మాత్రం ఎవ్వరం పెట్టెయ్యం.